సంతకం పెట్టించి సాగనంపడం

బాస్కెట్‌బాల్ క్లబ్‌లో పనిచేసి రిటైరయ్యానని చెప్పగానే ఎదుటివాళ్ళు ముందు నా ఎత్తు చూస్తారు. చూసి, "ఆఫీసులోనా ఆంటీ?" అంటారు. ఆఫీసులోనే. బంతిని ఒక్కసారి కూడా బుట్టలో వేయకుండా ఆ ఆట మీద ఇల్లు గడుపుకున్న మనిషిని నేను.

ఈమధ్య ఇక్కడ సింగపూర్ యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలు కొందరు బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటుకి వచ్చి, ఆటల క్లబ్బుల్లో ఉద్యోగాలు ఎలా వస్తాయని అడుగుతున్నారు. వాళ్ళకు లెక్కలు వచ్చు, కోడ్ రాయడం వచ్చు. "సైన్ అండ్ ట్రేడ్ అంటే ఏంటి ఆంటీ? చదువుతుంటే తల తిరుగుతోంది" అంటారు. తిరగాల్సిందే. ఆ నిబంధనలు రాసిన లాయర్ల ఉద్దేశం అదే. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి మాత్రం రాయను. వాటికి నా ప్రతిభ కన్నా, అంతకుముందే ప్రమోషన్ ఇచ్చిన సంగతి మరిచిపోయే మా బాసు మతిమరుపే ఎక్కువ కారణం.

ఆట తెలియకపోవడమే అర్హత

గుంటూరులో చదువుకుని, పెళ్ళయ్యాక మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట సింగపూర్ వచ్చాను. ఇక్కడ ఒక బ్యాంకులో అప్పు ఒప్పందాలు చదివే పని. ఒప్పందాల్లో చిన్న అక్షరాలు చదవడమంటే నాకు ఇష్టం. కొందరికి ఊరగాయ ఇష్టం చూడండి, అలా. బాస్కెట్‌బాల్ క్లబ్‌లో ఆటగాళ్ళ ఒప్పందాలు చూసుకునే మనిషి కావాలంటే, బ్యాంకులో విసుగు పుట్టి ఉన్నాను కాబట్టి వెళ్ళాను.

క్లబ్ జనరల్ మేనేజర్ పేరు గో. బక్కపలచటి చైనీస్ మనిషి, పెద్ద గొంతు. ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' అని తగిలిస్తాడు.

"బాస్కెట్‌బాల్ తెలుసా?" అన్నాడు.

"తెలియదండి."

"ఒక్క ఆటగాడి పేరైనా?"

"తెలియదు."

"మేం పంపిన రూల్ బుక్ చదివావా?"

"మొత్తం."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆట తెలిసినవాళ్ళు ఆటగాళ్ళతో ప్రేమలో పడతారు లా. ప్రేమలో పడ్డవాళ్ళు ఎడాపెడా జీతాలిచ్చేస్తారు. నువ్వు రేపట్నించే వచ్చెయ్."

మంచి బాసా అంటే కాదు. అరుస్తాడు, అలుగుతాడు, ఫోన్లో అవతలివాళ్ళకి మాటివ్వడమంటే మహా సరదా. కానీ తన మాట తప్పని తేలితే ఒప్పుకుంటాడు, కాస్త మూతి ముడుచుకుని తిరిగాక. అంతకన్నా మంచి బాసులు నాకు ఎదురుపడలేదు. మీకు ఎదురుపడితే వదలకండి.

లిఫ్టు లెక్క

సింగపూర్, మనీలా లాంటి నగరాల క్లబ్బులు ఆడే ప్రాంతీయ లీగ్ మాది. ఆట సంగతేమో గానీ జీతాల నిబంధనలు మాత్రం అమెరికా నుంచి దాదాపు మక్కీకి మక్కీ దింపుకుంది.

శాలరీ క్యాప్ అంటే ఒక క్లబ్ తన ఆటగాళ్ళందరికీ కలిపి ఇవ్వగల జీతాలకు పైకప్పు. డబ్బున్న క్లబ్ మంచివాళ్ళందరినీ పోగేసుకోకుండా పెట్టింది. మా బ్లాకులో లిఫ్టు అనుకోండి. బరువు మించితే గంట మోగుతుంది, కొత్తవాడు ఎక్కలేడు. అయితే ముందునుంచీ లోపలున్నవాడు లావెక్కితే లిఫ్టు పట్టించుకోదు. అంటే క్లబ్ తన సొంత పాత ఆటగాడికి కప్పు దాటి అయినా పెద్ద జీతమిచ్చి మళ్ళీ సంతకం పెట్టించుకోవచ్చు. బయటివాణ్ణి తెచ్చుకోవాలంటే మాత్రం, కప్పు దాటిన క్లబ్ కనీస జీతం తప్ప ఇవ్వడానికి లేదు.

సైన్ అండ్ ట్రేడ్ పుట్టింది ఈ సందులోంచే. ఒప్పందం అయిపోయిన ఆటగాడు వేరే క్లబ్‌కి వెళ్ళాలనుకుంటాడు. ఆ క్లబ్‌లో చోటు లేదు. అప్పుడు పాత క్లబ్బే అతనితో పెద్ద జీతానికి కనీసం మూడేళ్ళ ఒప్పందం రాసుకుని, సిరా ఆరకముందే ఆ ఒప్పందంతో సహా అతణ్ణి కొత్త క్లబ్‌కి పంపేస్తుంది. బదులుగా అటునుంచి ఇంచుమించు అంతే జీతమున్న మనిషి ఇటు రావాలి. ఇలా తెచ్చుకున్న క్లబ్‌కి ఆ సీజనంతా కప్పుకి పైన ఇంకో గట్టి గీత గీస్తారు. దాన్ని దాటడానికి ఏ మినహాయింపూ పనికిరాదు.

పాత క్లబ్, కొత్త క్లబ్, ఆటగాడు, ముగ్గురూ ఒప్పుకోవాలి. తమాషా ఏంటంటే, విడాకులు కోరుకుంటున్న జంట మళ్ళీ పెళ్ళి చేసుకుని, ఆ పీటల మీదే విడిపోయి, పెళ్ళికొడుకుని నవ్వుతూ ఇంకో ఇంటికి సాగనంపాలి. నా ఉద్యోగం అక్కడ పురోహితుడిది.

వెళ్ళిపోతానన్న రమిల్

రమిల్ మనీలావాడు. మా జట్టులో బంతి నడిపించే గార్డు. మోకాలు దెబ్బతిని ఏ క్లబ్బూ పిలవని రోజుల్లో గో అతణ్ణి చిన్న జీతానికి తీసుకున్నాడు. కోలుకున్నాక జీతం బాగానే పెంచాడు. అప్పుడు రమిల్ ఆడిన ఆటకి, కర్రపట్టుకుని వచ్చే తాతలు కూడా కర్ర వదిలేసి లేచి నిలబడేవారు. ఆట అర్థంకాని నేను కూడా అతని చేతికి బంతి వచ్చిందంటే ఫోను పక్కన పెట్టేదాన్ని.

సీజను ముగిశాక ఒకరోజు నా గదికి వచ్చాడు. అందరిలాగే తనూ నన్ను ఆంటీ అనేవాడు.

"ఆంటీ, నా ఒప్పందం అయిపోయింది. మా ఊరి క్లబ్ పిలుస్తోంది. వెళ్ళిపోతాను."

"జీతం ఎంతిస్తారట?"

"వాళ్ళ దగ్గర చోటు లేదట. కనీస జీతమే."

"ఇది నీ ఆఖరి పెద్ద ఒప్పందం రమిల్. ఆ మోకాలితో ఇంకెంతకాలం ఆడతావు?"

"తెలుసు ఆంటీ." కుర్చీ అతనికి చాలడం లేదు, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కదులుతున్నాడు. "మా ఆవిడ లిజా అక్కడి బేకరీ వదిలేసి ఇక్కడికి రాదు. రమ్మనడం కూడా న్యాయం కాదు. వస్తే మొగుడిలా రా, లేదంటే ఇలాగే పండక్కి వచ్చే చుట్టంలా ఉండిపో అంది. మొన్న ఫోన్లో మా చిన్నది నన్ను చూసి వాళ్ళమ్మతో, 'ఆ అంకుల్ మళ్ళీ వచ్చాడు' అంది."

ఇది చెప్పి నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సైన్ అండ్ ట్రేడ్ చేద్దామని గోకి చెబితే ఆఫీసు అదిరిపోయింది. "వాడి మోకాలిని నమ్మింది నేనొక్కణ్ణే! డాక్టరు కూడా నమ్మలేదు లా! ఇప్పుడు నేను పెద్ద జీతం రాసి, రిబ్బను కట్టి పంపాలా? ఉంటే ఉండమను, పోతే కనీస జీతానికి పొమ్మను."

"దానికైనా పోతాడు," అన్నాను. "పోయాక కూడా మనం కప్పుకి పైనే ఉంటాం. అతని స్థానంలో మనమూ కనీస జీతం మనిషినే తెచ్చుకోవాలి. మీ కోపం చల్లారేసరికి మనకి గార్డూ ఉండడు, బదులు మనిషీ ఉండడు."

"అంటే వాడితో నేను మంచిగా ఉండాలంటావ్?"

"అక్కర్లేదు. సంతకం పెడితే చాలు."

ఆయన ప్లేటులో ఉన్న రొట్టె ముక్కలు చివరిదాకా నమిలి, అప్పుడు అన్నాడు, "కెన్." అంటే సరే అని. సింగపూర్‌లో దీనికన్నా పెద్ద ఒప్పందం లేదు.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో లెక్క అరపూట పని. మిగతాదంతా అలకలు తీర్చడమే. అది కోడ్‌తో తీరదు.

ఒకే మనిషి, రెండు బరువులు

మర్నాడు గో చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాడు. మనీలా క్లబ్ మేనేజరుతో ఫోన్లో మాట్లాడేశాడట. రమిల్‌కి ఇప్పటి జీతానికి రెట్టింపు పైనే. బదులుగా బుట్ట కింద నిలబడి ఆడే వాళ్ళ పొడుగాటి సెంటర్ మిలోష్, ఇంకో ఆటగాడు వస్తారు. "జీతాలు సరిగ్గా సరిపోయాయి లా. నువ్వు టైపు చేసెయ్."

"కుదరదు," అన్నాను.

ఆయన మొహం చూసి నాకు జాలేసింది గానీ, నిబంధన అలా ఉంది. పాత ఆటగాడికి జీతం ఐదో వంతు కంటే ఎక్కువ పెంచి పంపితే, పాత క్లబ్ లెక్కలో అతని పూర్తి కొత్త జీతం వేయరు. పాత జీతమో, కొత్త జీతంలో సగమో, ఏది పెద్దదైతే అదే వేస్తారు. కొత్త క్లబ్ లెక్కలో మాత్రం పూర్తి జీతం. అంటే రమిల్ మా తక్కెడలో సగం మనిషి, మనీలా తక్కెడలో పూర్తి మనిషి. వాళ్ళు పంపాల్సినంత జీతాన్ని మేం తీసుకోలేం.

"వాడు ఒక్కడే కదా! ఒకే కాళ్ళు, ఒకే మోకాలు! రెండు బరువులు ఎట్లా ఉంటాయి?"

"రూల్ బుక్‌లో ఉంటాయి."

"ఎవడు రాశాడు దాన్ని?"

ఈ ప్రశ్నకి సమాధానం చెప్పే జీతం నాకు ఇవ్వలేదు. పెంపు ఐదో వంతు లోపల ఉంటే రెండు తక్కెళ్ళూ కలుస్తాయని, మిలోష్ ఒక్కడితో సరిపోతుందని మాత్రం చెప్పాను. అప్పుడు కూడా రమిల్‌కి కనీస జీతం మీద ఎంతో మెరుగు. కానీ రెట్టింపు అని విన్నాక తగ్గించుకోమనడం ఎంత కష్టం! అందుకే చెబుతున్నాను, రూల్ బుక్ చూడకుండా ఫోన్లో అంకె చెప్పకండి. చెప్పిన అంకెను అవతలివాళ్ళు ఆ పూటే ఖర్చు పెట్టేసుకుంటారు.

రమిల్ ఏజెంటు కోపంతో గంతులు వేశాడు. రమిల్ నా ముందే లిజాకి ఫోన్ చేశాడు. వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకుని, పెట్టేసి, "బ్రెడ్ నేను అమ్ముతానులే, నువ్వు రా అంది" అన్నాడు.

తూకం రాయికి నోరుంది

పత్రికలవాళ్ళు ఇలాంటి ఒప్పందాల్లో వెళ్ళేవాడి గురించే రాస్తారు. బదులు వచ్చేవాడు ఉత్త తూకం రాయి. మిలోష్ కూడా అంతే. సెర్బియా నుంచి వచ్చి మనీలా క్లబ్‌లో ఏళ్ళ తరబడి బెంచీ మీద కూర్చున్న మనిషి. "అతనిదేముంది, బ్యాగు సర్దుకోమంటే సర్దుకుంటాడు," అంది మనీలా మేనేజరమ్మ.

నాకున్న పాడు అలవాటు కొద్దీ మిలోష్ ఒప్పందం చదివాను. ఒకే క్లబ్‌లో ఎక్కువకాలం ఉండి, ఒప్పందం ఆఖరి ఏడాదిలో ఉన్న ఆటగాణ్ణి అతని అంగీకారం లేకుండా పంపకూడదు. పంపితే, సొంత క్లబ్ కప్పు దాటి జీతమిచ్చే సౌకర్యం అతను పోగొట్టుకుంటాడు కాబట్టి. అమెరికాలో ఈ హక్కు చాలా కొద్దిమందికి. మా లీగ్ కాస్త ఉదారంగా ఇచ్చింది. మిలోష్ కాదంటే మొత్తం వ్యవహారం అక్కడితో ఆగిపోతుంది.

గో తలుపు వేశాడు. "ఈ సంగతి వాడికి తెలుసా?"

"తెలిసినట్టు లేదు. ఏజెంటు కూడా చెప్పినట్టు లేదు."

"అయితే ఆ కాగితం మిగతా కాగితాల మధ్యలో పెట్టి సంతకం పెట్టించెయ్."

"పెట్టించను."

"సుగుణా."

"మొత్తం రూల్ బుక్‌లో ఆ మనిషి కోసం రాసిన మంచి వాక్యం అదొక్కటి. అది అతనికి చెప్పి అడుగుదాం. లేదంటే ఇంకెవరి చేతనైనా టైపు చేయించుకోండి."

"వాడు కాదంటే రమిల్ సంగతి?"

అదే నా గుండెలో గుచ్చుకుంటున్న ప్రశ్న. ఎవరి హక్కు కాపాడబోయి ఎవరి ఇల్లు ఆపుతున్నానో నాకు తెలుసు. రమిల్‌ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు మోకాలు తడుముకుంటూ కూర్చున్నాడు.

"అడగండి ఆంటీ," అన్నాడు చివరికి. "నన్ను అడిగారు కదా."

వేరే క్లబ్ ఆటగాడితో మనంతట మనం మాట్లాడకూడదు. అందుకని మనీలా మేనేజరమ్మని కూడా లైన్లో ఉంచి వీడియో కాల్ పెట్టాం. మిలోష్ మొహం తెర నిండా సరిపోయింది. విషయం చెప్పి, "మీరు కాదనవచ్చు. కాదంటే మీకు ఏ నష్టమూ లేదు" అన్నాను. మేనేజరమ్మ నీళ్ళు తాగే నెపంతో పక్కకి తిరిగింది.

మిలోష్ గడ్డం గోక్కున్నాడు. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఏదీ అడగలేదు. ఎక్కడ నిలబడాలో చెప్తారు, నిలబడతాను. అక్కడికొస్తే ఆడనిస్తారా?"

"మా సెంటర్ వెన్నునొప్పితో మానేశాడు. మీరే ఆడాలి."

"ఇల్లు?"

"బిషాన్‌లో ప్రభుత్వ ఫ్లాటు. బాగుంటుంది."

"అందులో బుబా ఉండొచ్చా?"

బుబా అంటే ఎవరోననుకున్నాను. ఆయన కెమెరా కిందికి తిప్పాడు. దూడంత కుక్క ఆవలిస్తోంది.

కుక్క

సింగపూర్ ప్రభుత్వ ఫ్లాట్లలో చిన్న జాతి కుక్కలకే అనుమతి. బుబా తోక ఒక్కటే ఆ కొలతకి సరిపోతుంది. కుక్క లేకుండా రానని మిలోష్ మర్యాదగానే చెప్పాడు. హక్కు ఉందని తెలిశాక మనిషి నిటారుగా కూర్చుంటాడు. నాకు అది చూడ్డానికి బాగానే ఉంది, పని మాత్రం ఆగిపోయింది.

"క్లబ్ ఒక బంగళా తీసి ఇస్తుంది," అన్నాడు గో.

"ఒప్పందంలో లేని బంగళా ఇస్తే అది దొంగచాటు జీతం. క్యాప్ ఎగ్గొట్టామని లీగ్ పట్టుకుంటుంది."

"కుక్కకి ఇస్తే కూడానా?"

"కుక్కల పేరు మీద ఇవ్వనిస్తే రేపట్నించి ప్రతి సెంటరూ ఒక కుక్కని పెంచుతాడు."

ఆ సాయంత్రం ఇంట్లో అన్నాలు తింటుంటే చెప్పాను. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఏంటీ? కుక్కకి ఇల్లు దొరక్క ఒకాయన పెళ్ళాం దగ్గరికి పోలేకపోతున్నాడా? మీ ఆఫీసులో అందరూ బాగానే ఉన్నారా?"

మా అమ్మాయి హారిక ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే చెబుతుంది. ఫోన్లోంచి తలెత్తకుండా, "యువర్ బాస్ గాట్ బిగ్ హౌస్, వాట్," అంది.

నిజమే. గోకి తోట ఉన్న సొంత ఇల్లుంది. వెనక వాళ్ళమ్మగారు ఉండి వెళ్ళిన గదులు ఖాళీగానే ఉన్నాయి. మర్నాడు అడిగాను. మామూలు రేటుకి అద్దె, లీగ్‌కి చూపించి పద్ధతిగా ఇవ్వొచ్చని.

"నన్ను వదిలేసి పోయేవాడి కోసం నా పెరట్లో దూడని కట్టేసుకోవాలా?"

నేను అద్దె ఒప్పందం నమూనా బల్ల మీద పెట్టాను.

"సుగుణా, నాకు కుక్కలంటే భయం." గొంతు తగ్గించి చెప్పాడు. ఆయన నోట భయం అనే మాట నేను విన్నది అదే మొదలు. "చిన్నప్పుడు కరిచింది లా. ఇప్పటికీ కుక్క కనిపిస్తే రోడ్డు దాటేస్తాను."

"అయితే వద్దులెండి. ఇంకేదైనా చూద్దాం," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఎవరి భయాన్నీ ఒప్పందంలో కలపడం నాకు చేతకాదు.

లేచి తలుపుదాకా వెళ్ళాను. వెనకనించి అడిగాడు. "వాడి కూతురు నిజంగానే అంకుల్ అందా?"

"అంది."

కిటికీలోంచి కింద కార్లు చూస్తూ నిలబడ్డాడు. "మధ్యలో ఒక గేటు పెట్టించాలి," అన్నాడు. "ఎత్తుగా."

మిలోష్ అన్నీ చదువుకుని, తెలిసి, సంతకం పెట్టాడు. బుబా క్వారంటైన్ పూర్తిచేసుకుని వచ్చింది. మిలోష్ గొప్ప ఆటగాడేమీ కాదు, గోడలాంటి ఆటగాడు. మాకు గోడ కావాల్సి వచ్చింది, సరిపోయింది. కొన్నాళ్ళకి నేను ఏదో పనిమీద గో ఇంటికి వెళితే గేటు తెరిచే ఉంది. ఆయన పేపరు చదువుకుంటున్నాడు, కుక్క ఆయన చెప్పు మీద తల పెట్టుకుని పడుకుంది. నేను చూడనట్టు నటించాను. బాసుల విషయంలో అది కూడా ఉద్యోగంలో భాగమే.

సంతకం రోజు

రమిల్ సంతకానికి బూన్ లే దగ్గరున్న మా ఆఫీసుకి వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. అతనూ గో నేరుగా మాట్లాడుకుని చాలాకాలమైంది. బల్లకి ఆ చివరొకరు, ఈ చివరొకరు. మధ్యలో నేను కాగితాలు జరుపుతున్నాను. మా క్లబ్‌తో ఒప్పందం మీద రమిల్ సంతకం పెట్టాడు, గో పెట్టాడు. రెండో కాగితం, అంటే అతణ్ణి మనీలాకి పంపేది, లీగ్‌కి వెళ్ళింది. వాళ్ళు సరేననే దాకా రమిల్ మళ్ళీ మా ఆటగాడే.

గో కలానికి మూత పెట్టాడు.

"అయితే," అన్నాడు గో, గోడకేసి చూస్తూ, "ఇప్పుడు నువ్వు నా ఆటగాడివి."

"అవును బాస్."

"నేను చెప్పింది వినాలి."

"వినాలి బాస్."

"పద. మకాన్." అంటే భోజనం.

కింద తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ముగ్గురం కూర్చున్నాం. గో తనే వెళ్ళి అతనికిష్టమైన కోడి అన్నం తెచ్చాడు, ఎవరినీ అడగకుండా. మొదట కారం బాగుందనుకున్నారు, తర్వాత వాన వచ్చేలా ఉందనుకున్నారు. తర్వాత గో, మోకాలికి ఆపరేషనైన కొత్తలో రమిల్ ప్రాక్టీసు హాల్లో గోడ పట్టుకుని నడిచిన సంగతి ఎత్తాడు. "మీరు రోజూ వచ్చి వెనక వరసలో కూర్చునేవారు," అన్నాడు రమిల్. "పేపరు చదువుతున్నట్టు. పేజీ తిప్పేవారు కాదు."

గో తన ప్లేటులో ముక్కలు తీసి అతని ప్లేటులో వేశాడు.

నా ఫోన్ మోగింది. లీగ్ నుంచి. ఆమోదించారు. చెప్పాలా, కాసేపాగి చెప్పాలా అని తటపటాయించాను గానీ నా మొహం నాకు సాయం చేయలేదు.

"అయిపోయిందా?" అన్నాడు గో.

"అయిపోయింది."

ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. "ఇక నువ్వు మనీలావాడివి. ఎదుటి జట్టువాడికి నేను కాఫీ కొనను. నీది నువ్వు కొనుక్కో."

రమిల్ లేచి కాఫీ దుకాణం దగ్గరికి వెళ్ళాడు. మూడు కప్పులు పట్టుకొచ్చి మా ముందు పెట్టాడు. గో కప్పు దగ్గరికి లాక్కుని, కళ్ళద్దాల మీదికి ఆవిరి వచ్చేదాకా మొహం అందులోనే పెట్టాడు.

"మోకాలికి ఐస్ పెడుతున్నావా?"

"పెడుతున్నాను బాస్."

"బాస్ అనకు. నేను ఇప్పుడు నీ బాసుని కాదు."

"సరే బాస్," అన్నాడు రమిల్.